పోలీసంటే బూచోడేనా?

అన్నం తినకపోతే పోలీసు.. అల్లరి చేస్తే పోలీసు.. హోంవర్కు చేయకపోయినా పోలీసే! ఊహ తెలియకముందే పిల్లల మనసులో ఖాకీ చొక్కా ఓ భయమై కూర్చుంటుంది. తీరా నిజంగా పోలీసు అవసరం పడిన రోజున ఆ భయమే వాళ్ల నోరు నొక్కేస్తుంది. ఇంతకీ మన బడిపిల్లలకు చట్టం గురించి తెలిసిందెంత.. తెలియాల్సిందెంత?

రాత్రి ఎనిమిదిన్నర. టీవీ ముందు కూర్చున్న నాలుగేళ్ల పిల్లాడు నోట్లో ముద్ద పెట్టుకుని అరగంటైంది. మింగడు. అమ్మ బతిమాలింది. నానమ్మ కథ చెప్పింది. చందమామను పిలిచినా లాభం లేదు. చివరికి అమ్మ వీధి తలుపు వైపు చూసి గొంతు తగ్గించింది. ‘అదిగో.. పోలీసొస్తున్నాడు. అన్నం తినని పిల్లల్ని పట్టుకెళ్లి జైల్లో పెడతాడు!’ అంతే.. ముద్ద గుటుక్కున దిగిపోయింది.

మన ఇళ్లలో రోజూ జరిగేదే. ఇందులో తప్పేముంది అనుకుంటాం.

సీను మార్చండి. అదే పిల్లాడికి ఇప్పుడు ఎనిమిదేళ్లు. పండక్కి ఊరెళ్తుంటే రైల్వేస్టేషన్‌ రద్దీలో అమ్మ చెయ్యి జారిపోయింది. చుట్టూ వందల కాళ్లు తప్ప తెలిసిన ముఖం ఒక్కటీ లేదు. కాస్త దూరంలో ఓ ఖాకీ చొక్కా కనిపించింది. ఆ క్షణంలో వాడు చేయాల్సింది ఒక్కటే.. ఆ చొక్కా దగ్గరికి పరుగెత్తడం. కానీ ఏం చేస్తాడు? స్తంభం వెనక్కి వెళ్లి దాక్కుంటాడు. నాలుగేళ్లప్పుడు నేర్పిన పాఠం మరి! అదే సమయంలో ‘ఏడవకు నాన్నా, మీ అమ్మ దగ్గరికి తీసుకెళ్తా రా..’ అంటూ నవ్వుతూ చెయ్యి పట్టుకునేవాడు మామూలు చొక్కాలోనే ఉంటాడు. వాడికి భయపడమని ఎవరూ చెప్పలేదు.

పిల్లలకు పోలీసంటే భయం ఉండటం వేరు, చట్టం గురించి తెలిసి ఉండటం వేరు. మనం మొదటిది నేర్పి రెండోది నేర్పామనుకుంటున్నాం. చిక్కంతా అక్కడే ఉంది.

తాతల నాటి భయం

ఈ భయం ఈనాటిది కాదు. 1857 తిరుగుబాటు తర్వాత తెల్లదొరలు పోలీసు వ్యవస్థను తమ అవసరాలకు తగ్గట్టు తీర్చిదిద్దుకున్నారు. మద్రాసు రాష్ట్రానికి 1859లో జిల్లా పోలీసు చట్టం వచ్చింది. 1861లో బ్రిటిష్‌ ఇండియాకు పోలీసు చట్టం చేశారు. జనాన్ని కాపాడటం కన్నా జనాన్ని అదుపులో పెట్టడమే అప్పటి పోలీసుల ముఖ్యమైన పని. ఊళ్లోకి పోలీసు వచ్చాడంటే ఎవరికో మూడిందనే లెక్క. గురజాడ ‘కన్యాశుల్కం’ నాటికే హెడ్డు కానిస్టేబులు నాటకంలో పాత్రగా ఎక్కేశాడు!

దొరలు పోయినా భయం పోలేదు. ‘మా ఇంటావంటా ఎవరూ పోలీస్‌స్టేషన్‌ మెట్లెక్కలేదు’ అని ఇప్పటికీ గర్వంగా చెప్పుకొంటాం. పెళ్లి సంబంధాలు చూసేటప్పుడు కూడా అదో అర్హతే. ఓడినవాడు కోర్టులో ఏడిస్తే గెలిచినవాడు ఇంటికొచ్చి ఏడ్చాడన్న సామెత సరేసరి. ఈ మాటలన్నీ వింటూ పెరిగే పిల్లలకు అర్థమయ్యేది ఒక్కటే.. పోలీస్‌స్టేషన్‌ అనేది తప్పు చేసినవాళ్లు వెళ్లే చోటు. అక్కడికి వెళ్లామంటే మనమూ తప్పు చేసినట్టే!

మిగిలింది సినిమా పూర్తి చేస్తుంది. ‘అంకుశం’(1989), ‘కర్తవ్యం’(1990) కాలం నుంచి తెలుగు తెర మీద పోలీసు అంటే నలుగురిని గాల్లోకి ఎగరేసి కొట్టే వీరుడు. లేదంటే బెల్టు జారిపోతుంటే సర్దుకుంటూ నవ్వించే కానిస్టేబుల్‌. వీరుణ్ని చూసి ఈలలు వేస్తాం, హాస్యగాణ్ని చూసి నవ్వుకుంటాం. కష్టం వస్తే వెళ్లి చెప్పుకొనే మనిషిలా ఆ ఇద్దరిలో ఎవరూ కనిపించరు.

చీటీల ఆటలో చట్టం

వేసవి సెలవుల్లో పిల్లలు ఆడే చీటీల ఆట గుర్తుందా? రాజు, రాణి, మంత్రి, పోలీసు, దొంగ. రాజుకు ఎక్కువ మార్కులు, దొంగకు సున్నా. పోలీసు చీటీ వచ్చినవాడు మిగిలినవాళ్ల ముఖాలు చూసి దొంగ ఎవరో చెప్పాలి. తప్పు చెబితే వాడి మార్కులు దొంగకు పోతాయి. సరదాగా ఉంటుంది గానీ, కాస్త ఆలోచిస్తే అందులో పిల్లల లోకజ్ఞానం మొత్తం కనిపిస్తుంది. రాజు ఏమీ చేయకుండానే గెలుస్తాడు. పోలీసు పని ముఖం చూసి దొంగను పట్టుకోవడం. సాక్ష్యం, విచారణ, జడ్జి.. ఇవేవీ ఆటలో లేవు.

పిల్లలు నియమాలను ఎలా అర్థం చేసుకుంటారో తెలుసుకోవడానికి స్విట్జర్లాండ్‌ మనస్తత్వ శాస్త్రవేత్త జీన్‌ పియాజే కూడా ఆటనే ఎంచుకున్నాడు. అదీ మన పిల్లలకు బాగా తెలిసిన గోళీలాట! పిల్లల పక్కన కూర్చుని ‘ఈ రూలు ఎవరు పెట్టారు? మార్చుకోవచ్చా?’ అని అడిగాడు. చిన్నపిల్లల దృష్టిలో నియమం అంటే పెద్దలు పెట్టింది, దేవుడు ఇచ్చింది, మార్చడానికి వీల్లేనిది. అంత గట్టిగా చెప్పేవాళ్లే ఆడేటప్పుడు ఎవరికి తోచినట్టు వాళ్లు ఆడేసేవారు! అదే పది, పదకొండేళ్లు వచ్చేసరికి కథ మారింది. అందరూ ఒప్పుకొంటే రూలు మార్చుకోవచ్చనీ, ఒప్పుకొన్నాక మాత్రం అందరూ పాటించాల్సిందేననీ వాళ్లకు తెలిసిపోయింది. 1932లో వచ్చిన ఆయన పుస్తకంలో ఈ గోళీల కథ ఉంది.

తల్లిదండ్రులు, టీచర్లు పట్టించుకోవాల్సిన విషయం ఇదే. ఎవరో కొడతారని పాటించడం చిన్నపిల్లల దశ. ఎందుకు పాటించాలో తెలిసి పాటించడం ఎదిగే దశ. సరిగ్గా అయిదు, ఆరు తరగతులకు వచ్చే వయసులో పిల్లలు ఆ రెండో మెట్టు ఎక్కడానికి సిద్ధంగా ఉంటారు. మనం మాత్రం ‘పోలీసులకు పట్టిస్తా’ దగ్గరే ఆగిపోతాం.

పుస్తకంలో ఉంది.. బుర్రలో లేదు

అలాగని బడిలో ఏమీ చెప్పడం లేదని కాదు. 2013లో కొత్తగా తెచ్చిన ఉమ్మడి రాష్ట్ర ఎనిమిదో తరగతి సాంఘికశాస్త్రంలో చట్టం, న్యాయం మీద ప్రత్యేకంగా ఓ పాఠమే ఉంది. సివిల్‌ కేసుకూ క్రిమినల్‌ కేసుకూ తేడా ఏంటి, ఎఫ్‌ఐఆర్‌ అంటే ఏంటి, కింది కోర్టు నుంచి పైకోర్టుకు ఎలా వెళ్లాలి లాంటివన్నీ కథలా చెప్పారు. పరీక్షలో నాలుగు మార్కుల ప్రశ్న వస్తే పిల్లలు గడగడా రాసేస్తారు కూడా.

కానీ అదే పిల్లల్ని వేరేలా అడిగి చూడండి. ‘నీ సైకిల్‌ పోయింది. ఎవరికి చెబుతావు? పోలీసులు డబ్బులు అడుగుతారా? ఫిర్యాదు కాగితం నీకు ఇస్తారా?’ తెల్లముఖం వేస్తారు. ఎఫ్‌ఐఆర్‌ నకలును ఫిర్యాదుదారుకు ఉచితంగా ఇవ్వాలనీ, నేరం ఏ స్టేషన్‌ పరిధిలో జరిగినా దగ్గర్లోని స్టేషన్‌లో ‘జీరో ఎఫ్‌ఐఆర్‌’ నమోదు చేయించుకోవచ్చనీ పిల్లలకే కాదు, చాలామంది పెద్దలకూ తెలియదు. పోలీసు పట్టుకోగానే శిక్ష పడిపోయినట్టే అనుకునే పిల్లలూ ఎక్కువే. పట్టుకోవడం పోలీసు పని, నేరం రుజువైందో లేదో తేల్చడం న్యాయమూర్తి పని.. ఈ చిన్న తేడా తెలిస్తే చాలు, సగం చట్టం తెలిసినట్టే.

కోర్టు విషయమూ అంతే. సినిమాల్లోలా సుత్తి కొట్టి ‘ఆర్డర్‌.. ఆర్డర్‌’ అనే జడ్జీ మన కోర్టుల్లో కనిపించడు. కళ్లకు గంతలు, చేతిలో కత్తి ఉన్న న్యాయదేవత బొమ్మ అందరికీ తెలుసు. సుప్రీంకోర్టు న్యాయమూర్తుల గ్రంథాలయంలో పెట్టిన కొత్త విగ్రహానికి గంతలు లేవు, కళ్లు తెరిచే ఉన్నాయి. కత్తి స్థానంలో చేతికి రాజ్యాంగం వచ్చింది. పిల్లలకు ఓ అరగంట పాఠం చెప్పడానికి ఆ బొమ్మ ఒక్కటి చాలు.

‘చెబితే నిన్నే పట్టుకెళ్తారు’

సైకిల్‌ పోతే మరొకటి కొనుక్కోవచ్చు. భయం వల్ల జరిగే అసలు నష్టం అంతకన్నా పెద్దది.

పిల్లలతో తప్పుగా ప్రవర్తించేవాళ్లు తరచూ వాడే బెదిరింపు ఏంటో తెలుసా? ‘ఎవరికైనా చెప్పావంటే పోలీసులొచ్చి నిన్నే పట్టుకెళ్తారు!’ ఆ మాట వాళ్లు కొత్తగా కనిపెట్టింది కాదు. మన వంటింట్లో అన్నం ముద్ద దగ్గర పుట్టిందే. అందుకే పిల్లలు అంత తేలిగ్గా నమ్మేస్తారు.

నిజానికి చట్టం పూర్తిగా పిల్లల వైపే నిలబడి ఉంది. లైంగిక వేధింపుల నుంచి పిల్లలను కాపాడటానికి చేసిన పోక్సో చట్టం 2012 నవంబరు 14న, బాలల దినోత్సవం నాడే అమల్లోకి వచ్చింది. ఈ చట్టం ప్రకారం బాధిత చిన్నారి స్టేషన్‌కు రానక్కర్లేదు. వాళ్లింటికో, వాళ్లు కోరుకున్న చోటికో పోలీసులే వెళ్లి వివరాలు తీసుకోవాలి. వీలైనంత వరకూ ఎస్సై స్థాయికి తగ్గని మహిళా అధికారి వెళ్లాలి. ఆ సమయంలో ఒంటిమీద యూనిఫాం ఉండకూడదు! అమ్మానాన్నలో, చిన్నారి నమ్మే మరో మనిషో పక్కన ఉండాలి. ఎట్టి పరిస్థితుల్లోనూ రాత్రిపూట పిల్లల్ని స్టేషన్‌లో ఉంచకూడదు. పేరూ, ఫొటో, బడి వివరాలూ బయటికి రాకూడదు. సంగతి తెలిసీ చెప్పని పెద్దలకు శిక్ష ఉంది గానీ, చెప్పలేకపోయిన పిల్లలకు లేదు.

గమనించారా.. ఖాకీ రంగు చూస్తేనే పిల్లలు బిగుసుకుపోతారని చట్టం చేసినవాళ్లకు తెలుసు. అందుకే ఆ చొక్కా విప్పి రమ్మన్నారు. పోలీసును మార్చిన ఆ చట్టం గురించి పిల్లలకు చెప్పేవాళ్లే కరవయ్యారు.

మామూలు కేసుల్లోనూ ఈ జాగ్రత్త ఉంది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత ప్రకారం పదిహేనేళ్లలోపు అబ్బాయినీ, ఏ వయసు అమ్మాయినైనా సాక్షిగా విచారించాలంటే పోలీసులే వాళ్లుండే చోటికి వెళ్లాలి. ‘స్టేషన్‌కు రా’ అని పిలవకూడదు. పాత చట్టంలోనూ ఈ నియమం ఉండేది.

పదో తరగతి పరీక్షలు రాసిన అమ్మాయికి ఇంట్లో హడావుడిగా పెళ్లి కుదిర్చారనుకోండి. ఆ పిల్ల 1098కి ఫోన్‌ చేయాలనుకుంటుంది. వెంటనే భయం.. ‘నాన్నను జైల్లో పెడతారేమో!’ 2006 నాటి బాల్యవివాహ నిషేధ చట్టం ప్రకారం ఆ పెళ్లి చేసినవాళ్లకూ, చేయించినవాళ్లకూ రెండేళ్ల వరకూ జైలు, లక్ష రూపాయల వరకూ జరిమానా పడొచ్చన్నది నిజమే. కానీ పెళ్లికి ముందే కబురందితే అధికారులు సాధారణంగా ఇంటికొచ్చి పెద్దలకు నచ్చజెబుతారు, పెళ్లి చేయబోమని రాయించుకుంటారు. అంటే, ముందుగా ఫోన్‌ చేసిన కూతురు నాన్నను జైలుకు పంపినట్టు కాదు.. జైలు దాకా వెళ్లకుండా కాపాడినట్టు! ఈ ఒక్క మాట తెలియక ఎందరు అమ్మాయిలు నోరు మూసుకుని తల వంచుతున్నారో.

తెలియక చేసే తప్పులు

చట్టం పిల్లలను కాపాడుతుంది నిజమే. అలాగని పిల్లలేం చేసినా ఊరుకుంటుందని కాదు. ఏడేళ్లలోపు పిల్లలు చేసే ఏ పనీ నేరం కాదు. ఏడు నుంచి పన్నెండేళ్ల మధ్య వాళ్లయితే, తామేం చేస్తున్నామో అర్థం చేసుకునే పరిణతి వాళ్లకు ఉందో లేదో చూస్తారు. పద్దెనిమిదేళ్లు నిండేవరకూ బాలల న్యాయ చట్టం(2015) వర్తిస్తుంది. దాని ప్రకారం పిల్లల్ని లాకప్‌లోనో జైల్లోనో పెట్టకూడదు. 24 గంటల్లోగా జువెనైల్‌ జస్టిస్‌ బోర్డు ముందు హాజరుపరచాలి. ఆ బోర్డులో మేజిస్ట్రేటుతోపాటు ఇద్దరు సామాజిక కార్యకర్తలు ఉంటారు, వారిలో ఒకరు మహిళ. అయితే పదహారేళ్లు దాటినవాళ్లు అతి ఘోరమైన నేరం చేస్తే, బోర్డు పరిశీలించాక పెద్దవాళ్లలాగే విచారణ జరిపే అవకాశం ఉంది. ‘పద్దెనిమిది నిండలేదు కదా, ఏం కాదులే’ అన్న ధీమా పనికిరాదు.

మన పిల్లలు ఎక్కువగా ఇరుక్కునేది మాత్రం ఘోర నేరాల్లో కాదు.. తెలియక చేసే పనుల్లో.

మొదటిది బండి. ‘మావాడు తొమ్మిదో తరగతే గానీ బైకు భలే నడుపుతాడు’ అని మురిసిపోయే నాన్నలు ప్రతి వీధిలోనూ ఉంటారు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం పిల్లాడు బండి నడిపి నేరం చేస్తే సంరక్షకుడో, బండి యజమానో దోషి అవుతారు. మూడేళ్ల వరకూ జైలు, పాతికవేల రూపాయల జరిమానా. బండి రిజిస్ట్రేషన్‌ ఏడాదిపాటు రద్దు. ఆ పిల్లాడికి పాతికేళ్లు వచ్చేదాకా లైసెన్సు ఇవ్వరు. అంటే, ఇంజినీరింగ్‌ పూర్తయి ఉద్యోగంలో చేరినా బస్సులోనే వెళ్లాలన్నమాట!

రెండోది సెల్‌ఫోన్‌. తోటి విద్యార్థిని ఫొటోను మార్ఫింగ్‌ చేసి క్లాసు గ్రూపులో పెట్టడం వాళ్ల దృష్టిలో జోకు. చట్టం దృష్టిలో నేరం. పిల్లల అసభ్య చిత్రాలను పంపడమే కాదు, వెతికి చూడటం, దాచుకోవడం కూడా ఐటీ చట్టం కింద నేరమే. ‘నేను తయారు చేయలేదు, వచ్చింది ఫార్వర్డ్‌ చేశానంతే’ అన్న జవాబు పనికిరాదు.

మూడోది, ఇళ్లలో ఎవరూ నోరెత్తని విషయం.. ప్రేమ. పద్దెనిమిదేళ్లలోపు అమ్మాయి ఇష్టపడే వచ్చినా, చట్టం ఆ ఇష్టాన్ని లెక్కలోకి తీసుకోదు. ఇంట్లోంచి వెళ్లిపోయిన జంటల్లో అబ్బాయి మీద పోక్సో కేసు పడేది అందుకే. 2025లో వచ్చిన ‘కోర్ట్‌’ సినిమా పుణ్యమా అని పోక్సో అనే మాట ఇంటింటికీ చేరింది. చూసొచ్చి కళ్లు తుడుచుకున్న పెద్దలు ఆ రాత్రి ఇంటర్‌ చదివే పిల్లలతో పది నిమిషాలు మాట్లాడి ఉంటే, సినిమా టికెట్‌ డబ్బులు అక్కడికక్కడే గిట్టుబాటయ్యేవి.

ట్యాంకు మీద హెల్మెట్‌

పిల్లలకు చట్టం పాఠం చెప్పే మొదటి మాస్టారు సాంఘికశాస్త్రం సారు కాదు.. నాన్న!

పొద్దున్నే బడికి బండి మీద బయల్దేరతారు. హెల్మెట్‌ ట్యాంకు మీద ఉంటుంది. చౌరస్తాకు రెండొందల గజాల దూరంలో ట్రాఫిక్‌ పోలీసు కనిపించగానే అది తలకెక్కుతుంది. మలుపు తిరగ్గానే మళ్లీ ట్యాంకు మీదికి దిగుతుంది. వెనక కూర్చున్న ఆరో తరగతి అమ్మాయి ఇదంతా చూస్తూనే ఉంటుంది. ఆ పిల్లకు అర్థమయ్యేదేంటి? హెల్మెట్‌ ఉన్నది తల కోసం కాదు, పోలీసు కోసం! ఎప్పుడైనా దొరికిపోతే నాన్న పక్కకు వెళ్లి ఏదో మాట్లాడి, జేబులో చెయ్యి పెట్టి, నవ్వుకుంటూ తిరిగొస్తే.. ఆ రోజు పాఠం పూర్తయినట్టే. ఇక ఏ పుస్తకం దాన్ని చెరపలేదు.

అమెరికా పరిశోధకుడు టామ్‌ టైలర్‌ ‘జనం చట్టాన్ని ఎందుకు పాటిస్తారు?’ అనే ప్రశ్నతో షికాగో నగరంలో పదిహేను వందల మందికి పైగా మనుషులతో మాట్లాడి, 1990లో ఓ పుస్తకం రాశాడు. శిక్ష పడుతుందన్న భయం కన్నా, ‘ఈ వ్యవస్థ నాతో న్యాయంగా వ్యవహరిస్తుంది’ అన్న నమ్మకమే మనుషులతో చట్టాన్ని పాటింపజేస్తుందని తేల్చాడు. భయం పోలీసు కనిపించినంతసేపే పనిచేస్తుంది. నమ్మకం పోలీసు లేనప్పుడూ పనిచేస్తుంది. మన చౌరస్తాలో నిలబడి చూసినా తెలిసే విషయమే!

ఖాకీ కూడా మారాలి

నమ్మమని పిల్లలకు చెబితే సరిపోతుందా? నమ్మదగ్గట్టు పోలీసులు ఉండొద్దూ! తోపుడుబండి తాతను లాఠీతో అదిలించడం, స్టేషన్‌కు వచ్చినవాళ్లను ‘ఏంట్రా’ అని పలకరించడం పిల్లలు చూస్తూనే ఉంటారు. పిల్లలకు సంకెళ్లు వేయకూడదు, లాకప్‌లో పెట్టకూడదు అని నిబంధనల్లో రాసుకోవాల్సి వచ్చిందంటే ఆ పనులు జరిగేవనే కదా అర్థం. పల్లెల్లో, బస్తీల్లో పెరిగే పేదింటి పిల్లల భయం చాలాసార్లు కథల్లోంచి వచ్చింది కాదు, కళ్లారా చూసింది.

అందుకే బాలల న్యాయ చట్టం ప్రతి స్టేషన్‌లోనూ ఏఎస్సై స్థాయికి తగ్గని ఒకరిని బాలల సంక్షేమ పోలీసు అధికారిగా నియమించాలంది. పిల్లలతో ఎలా మాట్లాడాలో వారికి శిక్షణ ఇవ్వాలంది. మీ దగ్గర్లోని స్టేషన్‌లో ఆ అధికారి ఎవరో మీకు తెలుసా? బడి హెడ్మాస్టరుకైనా తెలుసా? ఆ పేరూ, ఫోన్‌ నంబరూ నోటీసు బోర్డు మీద రాసి పెట్టడానికి రూపాయి ఖర్చు కాదు.

మంచి ప్రయత్నాలూ లేకపోలేదు. కేరళలో 2010 ఆగస్టు 2న ‘స్టూడెంట్‌ పోలీస్‌ క్యాడెట్‌’ పథకం మొదలైంది. ఐపీఎస్‌ అధికారి పి.విజయన్‌ ఆలోచన ఇది. 127 బడుల్లో ప్రారంభించారు. పిల్లలే ఖాకీ వేసుకుని కవాతు చేస్తారు, ట్రాఫిక్‌ నియమాలు నేర్చుకుంటారు, స్టేషన్‌కు వెళ్లి అక్కడ పని ఎలా జరుగుతుందో చూస్తారు. 2018 జులై 21న కేంద్రం దీన్ని దేశమంతటికీ విస్తరించింది. ప్రభుత్వ బడుల్లో ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలకు నేరాల నివారణ, విలువలు ఇందులో ప్రధాన పాఠాలు. దీనికి పరీక్షల్లేవు, మార్కుల్లేవు.

హైదరాబాద్‌లో 2016లో మొదలైన ‘భరోసా’ కేంద్రంలో బాధిత మహిళలకూ, పిల్లలకూ పోలీసు, వైద్యం, కౌన్సెలింగ్‌, న్యాయసాయం ఒకేచోట అందుతాయి. ఏటా జనవరిలో ‘ఆపరేషన్‌ స్మైల్‌’, జులైలో ‘ఆపరేషన్‌ ముస్కాన్‌’ పేరిట పోలీసులు తప్పిపోయిన పిల్లల్ని, పనుల్లో మగ్గుతున్న పిల్లల్ని వెతుకుతారు. 2015లో ఉత్తరప్రదేశ్‌లో తప్పిపోయి అస్సాంలోని ఓ బాలల గృహానికి చేరిన పిల్లాడు అయిదేళ్ల తర్వాత, 2020లో, కన్నవాళ్లను కలుసుకున్నాడు. ఆ ఆచూకీ పట్టిచ్చింది తెలంగాణ పోలీసులు తయారు చేసుకున్న ‘దర్పణ్‌’ అనే ముఖాలు గుర్తించే విధానం. దొంగల్ని పట్టుకోవడమే కాదు, అమ్మ ఒడికి చేర్చడమూ పోలీసు పనేనని పిల్లలకు చెప్పడానికి ఇలాంటి కథలు ఎన్నో!

అక్టోబరు 21 పోలీసు అమరవీరుల దినోత్సవం. 1959లో ఇదే రోజున లద్దాఖ్‌లోని హాట్‌స్ప్రింగ్స్‌ దగ్గర చైనా సైనికుల కాల్పుల్లో పదిమంది పోలీసులు ప్రాణాలు వదిలారు. ఆ సందర్భంగా మన జిల్లాల్లో ‘ఓపెన్‌ హౌస్‌’ పెట్టి బడిపిల్లల్ని పిలుస్తుంటారు. తుపాకులు, జాగిలాల విన్యాసాల దగ్గర పిల్లలు గుమిగూడతారు. మంచిదే. దాంతోపాటు రిసెప్షన్‌ బల్ల దగ్గర కూర్చోబెట్టి, ఫిర్యాదు ఎలా రాయాలో చెప్పి, ఒక్కొక్కరితో ఒక్కో కాగితం రాయించి పంపితే ఆ రోజు వాళ్లకు జీవితాంతం గుర్తుండిపోతుంది.

ఇవి పిల్లలకు తెలుసా?

• 1098.. ఆపదలో ఉన్న పిల్లల కోసం. 1996లో ముంబయిలో మొదలైన ఈ సేవ 24 గంటలూ ఉచితం. పిల్లలే నేరుగా ఫోన్‌ చేయొచ్చు.

• 112.. పోలీసు, అంబులెన్సు, అగ్నిమాపకం.. ఏ అత్యవసరానికైనా దేశమంతటా ఒకే నంబరు.

• 1930.. సైబర్‌ మోసగాళ్లు డబ్బు కాజేస్తే వెంటనే చేయాల్సిన నంబరు.

• 15100.. ఉచిత న్యాయసాయం. పిల్లలకు కుటుంబ ఆదాయంతో సంబంధం లేకుండా ప్రభుత్వమే లాయరును ఇస్తుంది.

• బడిలో కొట్టడం, మనసు గాయపరచడం విద్యాహక్కు చట్టం(2009) ప్రకారం నిషేధం.

• పిల్లలు తప్పిపోతే ‘ఒకరోజు చూసి రండి’ అనడానికి వీల్లేదు. వెంటనే ఎఫ్‌ఐఆర్‌ నమోదు చేయాలని సుప్రీంకోర్టు 2013లోనే ఆదేశించింది.

ఆ ఒక్క మాట మానేస్తే..

వీటిలో చాలావరకు ప్రభుత్వమో, పోలీసులో, బడులో చేయాల్సినవి. వాటికి టైం పడుతుంది. ఈ రోజు, ఈ పూట మనం చేయగలిగేది ఒకటుంది. ‘పోలీసులకు పట్టిస్తా’ అనే మాటను ఇంట్లోంచి తీసేయడం.

దాని స్థానంలో చెప్పాల్సిన మాటలు పెద్ద కష్టమైనవేం కాదు. ‘ఎప్పుడైనా తప్పిపోతే ఖాకీ చొక్కా వాళ్ల దగ్గరికెళ్లు. నీ పేరు, అమ్మ ఫోన్‌ నంబరు చెప్పు.’ నాలుగేళ్ల పిల్లలకు ఇంత చాలు. పదేళ్లు వచ్చాక ‘ఎవరు బెదిరించినా మాకు చెప్పు. మాకు చెప్పలేకపోతే టీచరుకు చెప్పు, 1098కి చెప్పు. నిన్నెవరూ తిట్టరు’ అనాలి. పదిహేనేళ్ల వాళ్లకు తప్పు చేస్తే ఏమవుతుందో, చేయని తప్పుకు ఎవరైనా ఇరికిస్తే ఏం అడగాలో రెండూ చెప్పాలి. వీలైతే ఓ ఆదివారం పిల్లల్ని వెంటబెట్టుకుని దగ్గర్లోని స్టేషన్‌కు వెళ్లి, డ్యూటీలో ఉన్న వాళ్లకు ఓ నమస్కారం పెట్టి రండి. తప్పు చేయకుండా కూడా ఆ మెట్లెక్కొచ్చని వాళ్లకు తెలుస్తుంది.

మరి అన్నం తినని పిల్లాడి సంగతేంటి అంటారా? కాసేపు వదిలేయండి. ఆకలేస్తే వాడే తింటాడు. అప్పటికీ మారాం చేస్తే చందమామను పిలవండి. ఎన్నిసార్లు పిలిచినా ఆయనకేం నష్టం లేదు. పోలీసును మాత్రం వదిలిపెట్టండి. ఏ రైల్వేస్టేషన్‌లోనో, ఏదో ఒక రోజు, వాడికి నిజంగా అవసరం పడొచ్చు.